పెడలు నొక్కగానే బాస్ ఎచటికి పోయినది?

పెందుర్తి రైల్వే స్టేషను సమీపమున నిలిచినవారికి శబ్దశాస్త్రములోని ఒక ముఖ్య విషయము ప్రతిదినము ఖర్చు లేకుండ బోధపడును. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును మోసికొని కిరండోలు నుండి కొత్తవలస మీదుగా విశాఖపట్నము రేవునకు పోవు గూడ్సు బండి వచ్చునప్పుడు, ఇంజను కూత చెవికి వినబడును. బండి బరువు మాత్రము చెవికంటె ముందు అరికాళ్ళకు తెలియును. కిటికీ రెక్కలు, వంటింటిలోని గిన్నెలు సన్నగా అదరును. కూతలోని కంపనములు సెకనుకు కొన్ని వందలు. ఆ అదురులోనివి కొన్ని పదులు మాత్రమే.

వాద్యబృందములో బాస్ గిటారు చేయు పని ఈ బండి అదురు వంటిది. పెండ్లి పందిళ్ళలోగాని, గ్రామదేవత పండుగలలోగాని, కళాశాల వార్షికోత్సవములలోగాని బృందగానమునకు కూడిన జనములో బాస్ గిటారును ప్రత్యేకించి వినువారు అరుదు. పాటగాని గొంతు వినుదురు, కీబోర్డు వినుదురు, డ్రమ్ము దెబ్బలు వినుదురు. బాస్ ఆగిపోయినప్పుడు మాత్రము పాట క్రింద నేల జారినట్లు వారికి తోచును. ఇళయరాజా కూర్చిన తెలుగు చిత్రగీతములలో బాస్ నడకను ఒకసారి పట్టి విన్నవారు ఆ పాటలను మరి వేరు విధముగా వినలేరు.

ఇక చిక్కు ఎచట వచ్చుననగా, పాట ఉద్ధృతమగు ఘట్టములో బాస్ వాయించువాడు కాలి దగ్గరనున్న చిన్న లోహపు పెట్టె మీటను నొక్కును. దీనిని డిస్టార్షన్ పెడలు అందురు. వేదికపై అతనికి తన వాద్యము సింహము వలె గర్జించినట్లు వినబడును. మైదానము వెనుక వరుసలో నిలిచినవారికి, సరిగా ఆ క్షణముననే, బాస్ మాయమైపోవును. గర్జన మిగులును, అదురు పోవును. ఇట్లు ఏల జరుగును?

మొదట వాద్యమును గూర్చి కొంచెము. నేడు వాడుకలోనున్న ఎలక్ట్రిక్ బాస్ గిటారును 1951లో అమెరికాలో లియో ఫెండర్ విపణికి తెచ్చెను. దాని నాలుగు తీగెల పౌనఃపున్యములు సుమారుగా సెకనుకు 41, 55, 73, 98 కంపనములు. అన్నిటికంటె లావు తీగె పుట్టించు ధ్వని తరంగము గాలిలో సుమారు ఎనిమిదిన్నర మీటర్ల పొడవుండును. అనగా ఒక పెద్ద తరగతి గది అంత. ఇంత పొడవైన తరంగమును పుట్టించుటకు పెద్ద స్పీకరును, అధిక శక్తిని వినియోగింపవలెను. పైగా మానవుని చెవికి మంద్రధ్వనుల యెడ చాల మందత్వము కలదు. సెకనుకు 1,000 కంపనములు గల ధ్వని చెవికి కేవలము తెలియుటకు ఎంత తీవ్రత కావలెనో, 40 కంపనముల ధ్వని తెలియుటకు అంతకు సుమారు 50 డెసిబెల్లులు అధికముగా, అనగా లక్ష రెట్ల శక్తి కావలెను. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో పని ముందున్నది.

పెడలు లోపల జరుగునది

తీగె కంపించినప్పుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో బలహీనమైన విద్యుత్ తరంగము పుట్టును. పెడలు ఆ తరంగమును మొదట అనేక రెట్లు పెంచును. తరువాత ఒకదానికొకటి వ్యతిరేక దిశలో అమర్చిన రెండు డయోడులకు దానిని అప్పగించును. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టు దాటగానే విద్యుత్తును తన గుండ పోనిచ్చును గనుక, తరంగము అంతకంటె ఎత్తుకు లేవజాలదు. కొండ శిఖరమును కత్తితో కోసి మైదానము చేసినట్లు, గుండ్రని తరంగము తల, అడుగు రెండును చదునగును. మిక్కిలి కోసినచో అది దాదాపు చతురస్రాకార తరంగమగును.

ఆకారము మారిన తరంగములో ఏమి కలదు? ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 1822లో ప్రచురించిన ఉష్ణ సిద్ధాంత గ్రంథములో దీనికి ఉత్తరువున్నది. ఆవర్తనము గల ఏ తరంగమునైనను సరళ తరంగముల మొత్తముగా విడదీయవచ్చును. వాటి పౌనఃపున్యములు మొదటిదానికి 2, 3, 4, 5 రెట్లు మొదలగునవై యుండును. వీనిని అనుస్వరములందురు, మన సంగీత శాస్త్రము వీనినే స్వయంభూ స్వరములన్నది. మూలస్వరము షడ్జమమైనచో రెండవ అనుస్వరము పై షడ్జమము, మూడవది పంచమము, నాలుగవది మరల షడ్జమము, అయిదవది అంతర గాంధారము. పైభాగమును అడుగుభాగమును సమానముగా కోసినచో క్రొత్తగా 3, 5, 7 వంటి బేసి అనుస్వరములు మాత్రమే చేరును. ఒక వైపు ఎక్కువగా, మరియొక వైపు తక్కువగా కోసినచో సరి అనుస్వరములు కూడ చేరును. రెండవ విధమగు ధ్వని చెవికి మెత్తగా నుండుటకు కారణము, షడ్జమములు అధికముగా కలియుటయే.

ఇచట వాయిద్యకారులు తరచుగా మరచు ఒక సంగతి కలదు. లావు తీగెను 41 వద్ద వాయించి పెడలు నొక్కినచో అయిదవ అనుస్వరము 206 వద్ద, అంతర గాంధారముగా పలుకును. ఆ పాటలో సాధారణ గాంధారమున్నచో, కీబోర్డు వాయించువాడు అదే స్థాయిలో 196ను నొక్కును. రెండింటికి భేదము 10. సెకనుకు పది విస్పందనములు! చెవికి గరుకుతనము తెలియును. తప్పు ఎవరిదో తెలియదు. శ్రుతి సరిగనే యున్నను శ్రుతి తప్పినట్లుండు ఈ చిత్రమునకు మందు పెడలు బలమును తగ్గించుటయే.

తంబురలోని జీవ

తరంగమును చెరచుట పాశ్చాత్యుల పాప్ సంగీతపు వెఱ్ఱి యని కొందరు పెద్దలు తలచుటకలదు. ఆ మాట చెప్పుటకు ముందు తంబురను చూడవలెను. తంబుర గుర్రముపై తీగె క్రింద నూలు పోగును చొప్పించి, ముందుకు వెనుకకు జరుపుదురు. ఒకచోట తీగె "జీవము" పోసికొనును. తీగె కంపించుచు గుర్రము యొక్క వంపైన ఉపరితలమును క్షణక్షణము తాకుచు వదలుచుండుట వలన, పై అనుస్వరములు వెల్లువగా పొంగును.

ఈ విషయమును శోధించినవాడు చంద్రశేఖర వెంకట రామన్. ఆయన బాల్యము విశాఖపట్నములో గడచినది. తండ్రి 1892 నుండి అచటి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, వయొలిన్ వాయించుటయందు ఆసక్తిగలవాడు. రామన్ విద్య మద్రాసు పోవువరకు విశాఖపట్నముననే సాగెను. 1921లో ఆయన భారతీయ తంత్రీవాద్యములపై ఒక పరిశోధన వ్యాసమును ప్రచురించెను. తీగెను ఏ బిందువు వద్ద మీటుదుమో ఆ బిందువు వద్ద నిశ్చలముగా నుండవలసిన అనుస్వరములు ఆ ధ్వనిలో వినరాకూడదు. ఇది యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల పేర నున్న నియమము. తంబురలోను వీణలోను మాత్రము ఆ వినరాని స్వరములే స్పష్టముగా వినబడుచున్నవని రామన్ చూపెను. కారణము వంపైన గుర్రము. డయోడు విద్యుత్తుతో చేయు పనిని తంబుర గుర్రము తీగెతో చేయుచున్నది. పద్ధతులు వేరైనను రెండును, తాము పుచ్చుకొన్న తరంగములో లేని స్వరములను సృష్టించును.

ఒక భేదమును మాత్రము మరువరాదు. తంబుర పలుకునప్పుడు మూల షడ్జమము చెడదు. బాస్ పెడలులో చెడుచున్నది. చిక్కంతయు ఇచటనే.

అదురు పోవుటకు రెండు కారణములు

మొదటిది విద్యుత్ వలయములోనిది. చాల పెడళ్ళు అసలు బాస్ కొరకు పుట్టలేదు. మామూలు గిటారు కొరకు పుట్టినవి. గిటారు లావు తీగె 82 కంపనములు గలది. మంద్రధ్వనిని అధికముగా పెంచి కోసినచో ధ్వని బురదబురదగా నుండునని, నిర్మాతలు కెపాసిటరు ఒకటి పెట్టి దానిని ముందుగనే తగ్గింతురు. జపానులో తయారై లోకప్రసిద్ధి గాంచిన ట్యూబ్ స్క్రీమర్ అను పెడలులో ఈ స్థానమున 4,700 ఓముల నిరోధము, 0.047 మైక్రోఫారడుల కెపాసిటరు కలవు. 1ని 2π, నిరోధము, కెపాసిటెన్సుల లబ్ధముచే భాగించినచో హద్దు పౌనఃపున్యము వచ్చును. విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును: సుమారు 720. దానికి దిగువకు పోయిన కొలది వర్ధనము తగ్గును. 41 కంపనముల బాస్ స్వరము ఈ హద్దునకు నాలుగు స్థాయిలు క్రిందనున్నది. పై స్వరములు వంద రెట్లు పెరుగుచుండగా దాని వంతునకు వచ్చునది కొద్ది రెట్లే.

రెండవది చెవిలోనిది, ఎక్కువమంది ఎరుగనిది. మంద్రమును తగ్గించని పెడలునే కొన్నామనుకొందము. చతురస్ర తరంగములోని శక్తిలో 81 శాతము మూలస్వరముననే యుండును; అనుస్వరములన్నింటి వాటా 19 శాతమే. కాగితముపై చూచినచో మూలస్వరమునకు ఢోకా లేదు. ఇంతకుముందు చెప్పిన 50 డెసిబెల్లుల మాట ఇచట పనికివచ్చును. చెవి ఆ 81 శాతమును లెక్కసేయదు, వేల కంపనముల వైపు సాగిన ఆ కొద్ది భాగమునే పట్టుకొని "ఎంత పెద్ద చప్పుడు!" అనును. అంతట వాయిద్యకారుడుగాని మిక్సరు వద్ద కూర్చున్నవాడుగాని బాస్ మొత్తమును తగ్గించును. తగ్గించినది చెవిని బాధించిన భాగమునే కాదు, నేలను అదిరించు భాగమును కూడ. అందువలననే గర్జన మిగిలి అదురు పోవును. పైగా పెద్ద డ్రమ్ము పలుకునది కూడ 50 నుండి 100 కంపనముల ప్రాంతముననే గనుక, బలహీనపడిన బాస్‌ను అది పూర్తిగా కప్పివేయును.

రెండు దారులు

మందు సులభమైనది. బాస్ తరంగమును రెండుగా చీల్చవలెను. ఒక భాగము ఏ మార్పును లేక నేరుగా పోవలెను. రెండవ భాగము పెడలు గుండ పోవలెను. చివర రెండింటిని తగుపాళ్ళలో కలుపవలెను. బాస్ కొరకు తయారైన మంచి పెడళ్ళపై "బ్లెండ్" అను పేరుగల మీట ఈ పనికొరకే యున్నది. చెడిన భాగములో సుమారు 200కు దిగువనున్న స్వరములను తీసివేసినచో ఇంకను మేలు. శుద్ధమార్గము అదురును మోయును, వికృతమార్గము గర్జనను మోయును, ఒకదాని దారికి మరియొకటి అడ్డురాదు.

ఈ సంగతి పెడళ్ళ చరిత్రలో మొదటినుండి యున్నదే. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ"ని నాష్‌విల్ నగరములో రికార్డు చేయునప్పుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగెల బాస్ వెళ్ళిన మిక్సరు మార్గము చెడిపోయి తుమ్మెద రొద వంటి ధ్వని వచ్చెను. దానిని పారవేయక ఉంచిరి, జనమునకు నచ్చెను. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ రొదను కావలెనని పుట్టించు ట్రాన్సిస్టరు వలయమును కల్పించెను. గిబ్సన్ సంస్థ దానిని 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అను పేర విక్రయించెను. కనుక ఈ పరికరమునకు పురుడు పోసినది గిటారు కాదు, బాస్ జాతి వాద్యమే. 1965లో బీటిల్స్ బృందపు "థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్" పాటకు పాల్ మెకార్ట్నీ ఫజ్ బాస్ వాయించెను. ఆ రికార్డులో దానితోబాటు మామూలు బాస్ కూడ వేరుగా వినబడును. నేడు ఒక మీట చేయు పనిని ఆనాడు రెండుసార్లు వాయించి సాధించిరి.

రెండు దారులను కలుపునప్పుడు ఒక ప్రమాదము కలదు. కొన్ని పెడళ్ళు తరంగమును తలక్రిందులు చేసి బయటికి పంపును. శుద్ధతరంగము పైకి లేచునప్పుడు వికృతతరంగము క్రిందికి దిగినచో, మూలస్వరములు ఒకదానినొకటి కొట్టివేయును. పాళ్ళు మార్చిన కొలది బాస్ తగ్గుచున్నదన్నచో కారణము ఇదియే.

డిస్టార్షన్ మీద రెండు స్వరములను ఒకేసారి వాయించుట కూడ బాస్‌లో మంచిది కాదు. ఆ రెండింటి మొత్తము, భేదము గల క్రొత్త ధ్వనులు పుట్టును. పంచమ సంవాదము గల 55, 82 స్వరములైనచో భేదము 27. అది క్రింది షడ్జమమే గనుక సరిపోవును. ఇతర జంటలు పెక్కింటిని వాయించినచో శ్రుతితో సంబంధము లేని ధ్వనులు అడుగున చేరి బురద యగును.

చిన్న స్పీకరుకు మేలు

ఇంతవరకు పెడలుపై నేరములే చెప్పబడినవి. దానివలన ఒక అపూర్వమైన లాభము కూడ కలదు. టెలిఫోనులో పురుషుని కంఠము వినినప్పుడు అది పురుషకంఠమని తెలియుచున్నది. ఆ కంఠపు మూలస్వరము సెకనుకు నూరు, నూట ఇరువది కంపనముల ప్రాంతమున నుండును. పాత టెలిఫోను తీగె 300కు దిగువ దేనిని మోయదు. లేని స్వరము ఎట్లు వినబడినది? 300, 400, 500 వినబడినప్పుడు, వాటికి సమానమైన అంతరము 100 అని మెదడు గ్రహించి ఆ 100నే శ్రుతిగా భావించును. 1841లో జర్మను శాస్త్రజ్ఞుడు జీబెక్ ఈ విషయమును మొదట గుర్తించెను.

గొట్టపు మైకులు, చిన్న స్పీకర్లు, చేతి ఫోనులు 98 కంపనముల బాస్ స్వరమును పలుకలేవు. పెడలు పుట్టించిన 294, 392, 490 లను పలుకగలవు. విన్నవాని మెదడు 98ని తానే పూరించుకొనును. అందుచేత చిన్న స్పీకర్లపై పలుకవలసిన బాస్‌కు కొద్దిపాటి డిస్టార్షన్, వినువానికి తెలియనంతగా కలుపుట తెలివైన పని. అదురు మాత్రము రాదు. దానిని ఏ మెదడును పూరింపలేదు.

ఇతర పెడళ్ళను గూర్చి హెచ్చుగా చెప్పనక్కరలేదు. కంప్రెసరు పెద్ద చిన్న స్వరములను సమపరచును, బాస్‌కు మిక్కిలి ఉపయోగకరము. ఆక్టేవ్ పెడలు స్వరమునకు క్రింది స్థాయి స్వరమును చేర్చును. ఇది శుద్ధ తరంగమునే సరిగా పోల్చుకొనగలదు గనుక డిస్టార్షన్‌కు ముందుండవలెను. లావు తీగెపై దీనిని వాడినచో వచ్చు 20 కంపనములను ఏ పందిరి స్పీకరును పలుకలేదు, శక్తి వ్యర్థము. ప్రతిధ్వని కలిగించు పెడళ్ళను బహిరంగ సభలలో బాస్‌కు వాడకుండుట మేలు. వేదికకు ఎదురుగా 50 మీటర్ల దూరమున పాఠశాల గోడ యున్నచో, సెకనులో మూడవ వంతునకు కొంచెము లోపుగా అది తన ప్రతిధ్వనిని ఉచితముగనే పంపును.

గుంయిమను శబ్దము

మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. బాస్ లావు తీగెను మూడవ మెట్టుపై నొక్కిన స్వరము 49. సన్నని తీగె 98, విద్యుత్తు రెట్టింపు 100. కనుక మెయిన్సు హోరును బాస్ నుండి వడగట్టుట అసాధ్యము. హోరుతోబాటు స్వరము కూడ పోవును. ఆ స్వరమును సాగదీసి వాయించినప్పుడు సెకనుకొకసారి, రెండుసార్లు ఊగిసలాడినట్లు వినబడినచో, తప్పు తీగెది కాదు, తంతులది. డిస్టార్షన్ పెడలు చిన్న ధ్వనులను కూడ పెంచును గనుక, వాయించనప్పుడు ఈ హోరు మరింత విజృంభించును. పెడళ్ళన్నింటికి ఒకే 9 వోల్టుల మూలము నుండి గొలుసుగా విద్యుత్తునిచ్చుటకంటె, వేర్వేరు శాఖలు గల మూలమును వాడినచో చాలవరకు తగ్గును.

హోరు తగ్గుటకై మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విరుచుట కొందరు చేయుదురు. ఇది ప్రాణాపాయము. జనరేటరుపై నడచు వేదికలో తీగెలను చేత పట్టిన పాటగాని పెదవి మైకును తాకినప్పుడు, రెండింటి మధ్య నున్న వోల్టేజి అతని శరీరము గుండ పోవును. డి.ఐ. పెట్టెపై సంకేతపు భూసంధానమును మాత్రమే విడదీయు మీట కలదు, వాడవలసినది దానిని. మెయిన్సు ఎర్తును ఎన్నడును ముట్టరాదు.

వాయించువారి చెవులకు కూడ హద్దు కలదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియమము ప్రకారము 85 డెసిబెల్లుల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు భరింపవచ్చును. ప్రతి 3 డెసిబెల్లుల పెంపునకు కాలము సగమగును. 100 వద్ద మిగులునది పదునైదు నిమిషములే. గర్జన యొక్క తీవ్రత చెవి బాగుగా వినగల ప్రాంతముననే యుండుటచే, వేదికపై పెడలుకు సమీపముననున్నవారే ముందు నష్టపోవుదురు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది గంటలు దాటిన పిదప లౌడ్ స్పీకర్లను నిషేధించుచున్నవి గనుక, సాయంకాలము వెలుగుండగనే పరీక్ష ముగించుకొనవలెను.

ఆ పరీక్షకు ఇద్దరు కావలెను. ఒకడు వేదికపై డ్రమ్ముతో కలిసి ఒకే స్వరసమూహమును మరల మరల వాయించుచు, నాలుగు ఆవృత్తములకొకసారి పెడలును వేయుచు తీయుచుండవలెను. రెండవవాడు మైదానము చివరకు పోయి చెప్పులు విడిచి నిలువవలెను. పెడలు వేసినప్పుడు, తీసినప్పుడు అరికాళ్ళ క్రింది అదురు ఒకే తీరున నున్నదా అని అతడు చూచును. తగ్గినదన్నచో చేయి ఊపును. వేదికపైనున్నవాడు మొత్తము ధ్వనిని పెంచక, శుద్ధమార్గపు పాలును కొంచెము పెంచి మరల మొదలుపెట్టును.